రాజీకి రాని పిత్తాశయం

జూన్ 4

నవ్వకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు అని చెప్పి నర్సు వెళ్లిపోయింది. అలా చేస్తే పొట్టకి పెట్టిన చిల్లులన్నీ ఒక్కసారే సలుపుతాయట. మనుషులు దగ్గరుంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయక తప్పదు. అందుకని అందరినీ టీ తాగి రమ్మని పంపేసి ఇది రాసుకుంటున్నాను.

పిత్తాశయం పోయింది. దాంట్లోని రాళ్లు మాత్రం ఉన్నాయి. చిన్న సీసాలో పోసి ఇచ్చారు. బావమరిది ఆ సీసా పట్టుకుని వార్డంతా తిరిగి "మా బావగారి పంట" అని చూపించి వచ్చాడు. పరుపుల షోరూం మేనేజరు కదా, ఏ సరుకునైనా పదిమందికీ చూపించకపోతే వాడికి తోచదు. నా మంచాన్ని కూడా రెండు మూడుసార్లు నొక్కి చూసి పెదవి విరిచాడు.

రాళ్లు తీశాక మిగిలిన సంచీని పరీక్షకి పంపాలట. అనుమానం ఏమీ లేదు, అది రివాజు అన్నాడు సర్జన్. థియేటర్ అసిస్టెంటు దాన్ని ఒక డబ్బాలో పట్టుకొచ్చి ఏ ల్యాబుకి పంపమంటారని అడిగాడు. అంతే, అక్కాతమ్ముళ్ల మధ్య నిప్పు రాజుకుంది.

"మా డ్రైవింగ్ స్కూలు పక్క ల్యాబుకే" అంది మా ఆవిడ. "ఆ డాక్టరమ్మ నా దగ్గరే కారు నేర్చుకుంది. ఇప్పటిదాకా ఆ కారుకి ఒక్క గీత పడలేదు. అంత జాగ్రత్త మనిషి."

"కారుకీ కడుపుకీ ఏంటక్కా సంబంధం? పెద్ద ల్యాబుకి పంపుదాం. అక్కడున్న పెద్దాయన చేతికింద చదువుకోని డాక్టరు లేడు ఈ ఊళ్లో. మీ డాక్టరమ్మతో సహా."

"చదువు చెప్పినాయనకి ఇప్పుడు కళ్లు కనపడాలిగా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కాని నేనెవరిని? కోర్టులో మొగుడూపెళ్లాలకి రాజీ కుదిర్చే గదిలో ముప్పై ఏళ్లుగా కూర్చున్నవాణ్ని. సోఫాలు పంచాను, కుక్కల్ని పంచాను, పిల్లల సెలవుల్ని పంచాను. ఇదొక లెక్కా?

"సగం ఆ ల్యాబుకి, సగం ఈ ల్యాబుకి" అన్నాను.

అసిస్టెంటు నసిగాడు. "ఇలా కొయ్యొచ్చో లేదో సార్..."

"రాళ్ల కోసం ఎలాగూ చీల్చారు కదా. ఇంకో కత్తిరింపు, అంతేగా."

అక్క సంతోషించింది, తమ్ముడు సంతోషించాడు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. మత్తు పూర్తిగా దిగకుండానే కుదిర్చిన మొదటి రాజీ బహుశా నాదే అయి ఉంటుంది.

జూన్ 8

ఇంటికి వచ్చాం. గంజి, బ్రెడ్డు, మా ఆవిడ ఉపదేశాలు. మూడూ చప్పగానే ఉన్నాయి.

జూన్ 16

ఇవాళ రెండు రిపోర్టులూ వచ్చాయి.

డాక్టరమ్మ ల్యాబు వాళ్లు క్యాన్సర్ అని రాశారు. పిత్తాశయం లోపలి పొరలో, గ్రంథి కణాలలో పుట్టే మామూలు రకమట. క్యాన్సర్‌లో కూడా మామూలు రకం ఉంటుందని నాకిప్పుడే తెలిసింది.

పెద్ద ల్యాబు వాళ్లు కూడా క్యాన్సర్ అనే రాశారు కాని ఇంటిపేరు వేరు. నరాల కణాల పోలికలూ హార్మోన్ల కణాల పోలికలూ ఉన్న ఒక జాతి ఉంటుందట. చిన్న చిన్న కణాలు, మహా దూకుడట. పేరు చదవడానికి సర్జనే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇది నా పరిధి దాటింది. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యం చేయకండి" అన్నాడు.

మా ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బావమరిది మొదటిసారి ఏ పరుపునీ నొక్కలేదు.

నాకు మాత్రం లోలోపల తేలిగ్గా ఉంది. నా గదిలో ఇద్దరు సాక్షులు ఒకే విషయం గురించి రెండు కథలు చెబితే నేనేం చేస్తాను? రెండూ పక్కన పడేస్తాను. ఒకడు ఎర్ర చొక్కా అంటాడు, ఇంకొకడు పచ్చ చొక్కా అంటాడు. అంటే అసలు అక్కడికి ఎవడూ రాలేదని అర్థం.

జూన్ 17

భయంగా ఉంది.

జూన్ 18

నిన్నటి మాట ఎవరు రాశారో తెలియదు. చేతిరాత నాదిలాగే ఉంది.

జూన్ 21

క్యాన్సర్ ఆసుపత్రి. ఇక్కడి పెద్ద సర్జన్‌కి నేను పెన్సిల్ డాక్టరని పేరు పెట్టాను. ఏది చెప్పినా బొమ్మ గీసి చెబుతాడు. కాలేయం గీశాడు, దాని కింద పియర్ పండులా పిత్తాశయం గీశాడు, అది మీ దగ్గర ఇప్పుడు లేదు కదా అని రబ్బరుతో చెరిపేశాడు. నా ముందే.

"రెండు ల్యాబుల అద్దాలూ, మైనపు దిమ్మలూ ఒకచోట చేర్చి మళ్లీ చూడాలి" అన్నాడు. కోసిన ముక్కని మైనంలో పోతపోసి, అందులోంచి పలచటి పొర తీసి అద్దం మీద పరుస్తారట. "ఏ రకమో తేలితేనే ఏ మందో తేలుతుంది. ఎలాగూ రెండో ఆపరేషన్ తప్పదు. పిత్తాశయం ఆనుకుని ఉన్న కాలేయం ముక్కా, చుట్టూ ఉన్న గ్రంథులూ తీయాలి. వారంలో ఆ అద్దాలు తెచ్చివ్వండి."

నేను బాధ్యత తీసుకున్నాను. మా ఆవిడకి స్కూల్లో పరీక్షల సీజను. తీసుకురావడమే కదా, నేనే వెళతానన్నాను.

జూన్ 24

కేసు చాలా బాగుంది.

ల్యాబుల డాక్టర్లిద్దరికీ మాటల్లేవట. డాక్టరమ్మ ఒకప్పుడు పెద్దాయన శిష్యురాలు. ఎప్పుడో ఒక సభలో, వందమంది ముందు, ఆయన చూపించిన అద్దం మీద ఆయన చెప్పింది తప్పని లేచి చెప్పిందట. ఆవిడ చెప్పిందే తరవాత రైటయిందట. గురువులు తప్పుని క్షమిస్తారుగాని రైటుని క్షమించరు.

అద్దాలు తీసుకుని వెళ్లిపోతే ఏం లాభం? ఇద్దరినీ కలపాలి. నా వంటి మనిషి దగ్గరికి ఈ తగువు రావడం కూడా ఒక యోగం. ఇంట్లో ఖాళీగా కూర్చుని మతి పోతున్నవాడికి పని దొరికింది.

జూన్ 27

నా పద్ధతి ఒకటే. ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "అవతలివారు అప్పుడే ఒక మెట్టు దిగారు" అని చెప్పాలి. ఇది పూర్తిగా అబద్ధమని చెప్పలేం, కాస్త ముందుగా చెప్పిన నిజం.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "మీ గురువుగారు ఒక మెట్టు దిగారమ్మా. మీ మాటలోనూ కొంత ఉందంటున్నారు."

ఆవిడ సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే నవ్వింది. "ఆయన మెట్లు దిగరండీ. లిఫ్టు పెట్టించుకున్నదే అందుకు."

పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "మీ శిష్యురాలు ఒక మెట్టు దిగిందండీ."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "దిగిందా? అయితే అది నా శిష్యురాలు కాదు. మీరు ల్యాబు మారిపోయి ఇంకెక్కడికో వెళ్లుంటారు."

జూన్ 30

రాజీ ప్రతిపాదన తయారుచేశాను. ఇద్దరూ కలిసి "కొంత అదీ, కొంత ఇదీ" అని రాస్తే సరి. ఎవరి పరువూ పోదు.

డాక్టరమ్మ బయటికి దారి చూపించింది. పెద్దాయన దారి కూడా చూపించలేదు. "క్యాన్సరంటే ఏమనుకుంటున్నారు మీరు? ఆస్తి పంపకమా?" అని గది అదిరేలా అరిచాడు. పట్టు మీదున్నప్పుడు అరుపులుంటాయి. అరుపు తగ్గాక కాళ్లబేరానికి వస్తారు. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాలి.

జూలై 3

పెన్సిల్ డాక్టరు ఆసుపత్రి నుంచి ఫోన్. "అద్దాలు ఇంకా రాలేదేం?" "చర్చలు నడుస్తున్నాయి" అన్నాను. "ఎవరితో సార్?" అంది అవతలి అమ్మాయి.

జూలై 5

ఇంట్లో కూడా రెండు పార్టీలయ్యాయి. మా ఆవిడది డాక్టరమ్మ పార్టీ. మామూలు రకమే అయివుంటుందని రోజూ అంటుంది. బావమరిదిది పెద్దాయన పార్టీ. పెద్దాయన చెప్పింది దూకుడు రకం కదా అని నేనంటే, "బావగారూ, నేను మీకు చెడు కోరతానా, పెద్దాయన పేరుంది కాబట్టి..." అని నీళ్లు నమిలాడు. అన్నం దగ్గర కూడా వాదనే. నా కడుపులో ఏ జబ్బుందో నిర్ణయించడానికి నా కడుపు తప్ప అందరూ ఓటేశారు.

నేను ఏ పార్టీ? అని మా ఆవిడ నిలదీసింది.

"ఇద్దరి మాటలోనూ..."

"గోడమీద పిల్లి" అని లేచిపోయింది. పెళ్లయిన కొత్తలోనే పెట్టిన పేరు. ఈమధ్య వాడడం లేదనుకుంటున్నాను.

జూలై 8

దొరికిపోయాను.

క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ఈసారి మా ఆవిడకి ఫోన్ చేశారు. వారంలో తెస్తానన్న అద్దాలు ఇంతవరకూ ఎందుకు కదలలేదో తెలుసుకున్నాక ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టకపోతే నాకు చేతులాడవు. స్కూలు కారు తీసింది, నెత్తిమీద ఎర్రటి 'ఎల్' బోర్డున్నది. నేరుగా ల్యాబు ముందు ఆపి, డాక్టరమ్మని అద్దాల పెట్టెతో సహా ముందు సీట్లో ఎక్కించింది. నన్ను వెనక పడేసింది. దారిలో బావమరిదిని కూడా ఎక్కించుకుంది.

"ఎక్కడికండీ?" అంది డాక్టరమ్మ.

"మీ గురువుగారి దగ్గరికి. బెల్టు పెట్టుకోండి."

"నేను రాను."

"నేను లైసెన్సు ఇప్పించినదాన్ని. నాకు ఎదురు చెబుతావా?"

నేను ఇరవై రకాలుగా ప్రయత్నించింది ఆవిడ బెల్టు పెట్టించి సాధించేసింది. పద్ధతి సరైనది కాదు. ఫలితం మాత్రం వచ్చింది.

పెద్దాయన దగ్గర ఒకేసారి ఇద్దరు చూడగలిగే సూక్ష్మదర్శిని ఉంది, పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నది. చెరో కంటిగొట్టం ముందు కూర్చున్నారు, పలకరింపులు లేవు. గోడ పక్క బెంచీ మీద మేం ముగ్గురం వరసగా, పరీక్ష రాసిన పిల్లల్లాగ.

ముందు నవ్వింది పెద్దాయన, సంతోషంతో కాదు. "ఇదేంటి? నీ దగ్గరికి వచ్చింది మొత్తం పిత్తాశయం కాదా?"

"మొత్తమనే అనుకున్నాను సార్. చిన్నదనుకున్నాను."

"నేనూ అంతే అనుకున్నాను. ఈ అంచు చూడు. కత్తెర గీటు. ఎవడో సరిగ్గా మధ్యకి కోశాడు దీన్ని." తల తిప్పి మా వైపు చూశాడు. "ఎవడా బుద్ధిమంతుడు?"

మా ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు అక్క వైపు చూశాడు. తిలా పాపం తలా పిడికెడు. చివరికి ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. ముప్పై ఏళ్లలో నేను కుదిర్చిన ఏ రాజీలోనూ ఇంత ఏకాభిప్రాయం చూడలేదు.

"ఇద్దరికీ న్యాయంగా ఉంటుందని..." అన్నాను.

పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. డాక్టరమ్మ ఊరుకోలేదు. "గడ్డ ఎక్కడుందో, ఎంత లోతుకి పోయిందో చూసేదే మొత్తం చేతికొస్తేనండీ. మీరు దాన్ని కేకులా కోసి పంచారా?"

తలదించుకున్నాను. ఎదురుగా గోడకి మనిషి లోపలి బొమ్మ వేలాడుతోంది, అందులో కూడా పిత్తాశయం ఒక్కటే ఉంది, నిండుగా.

తరవాత వాళ్లు నన్ను మరిచిపోయారు. అద్దం తరవాత అద్దం మార్చారు. "ఇక్కడ నీది", "ఇక్కడ మీది సార్", "ఇదిగో, కోత పక్కనే రెండూ కలిసి పెరిగాయి". ఒకరి తల ఒకరికి తగిలేంత దగ్గరికి వచ్చేశారు. చివరికి పెద్దాయన కుర్చీ వెనక్కి తోసి, చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకున్నాడు.

"ఇద్దరం చెప్పిందీ నిజమే! ఒకే గడ్డలో రెండు జాతులు. పిత్తాశయంలో ఇలాంటిది నేను నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి చూశానేమో."

"నేను ఇదే మొదటిసారి సార్!" అంది డాక్టరమ్మ. మొహం వెలిగిపోతోంది.

నాకు అభినందనలు చెబుతారేమోనని భయం వేసింది. ప్రత్యేకమైన రంగులు పూసి ఇంకో పరీక్ష చేస్తే ఖాయమవుతుందట. ఒక జాతి కణాలే పట్టుకునే రంగులున్నాయట.

నాకు ఒక్క సంతోషం మిగిలింది. "కొంత అదీ, కొంత ఇదీ అని నేను ముందే చెప్పలేదూ?" అన్నాను కారులో. మా ఆవిడ గేరు మార్చింది.

జూలై 13

రంగుల పరీక్ష కూడా అదే చెప్పింది. మిశ్రమం.

పెన్సిల్ డాక్టరు దగ్గర నా సంతోషం కూడా పోయింది. "సగం సగం అంటే రెండూ మెత్తబడ్డట్టే కదండీ?" అని అడిగాను. నా అనుభవం అది. భార్య సగం, భర్త సగం తగ్గితే గది చల్లబడుతుంది.

ఆయన కాగితం మీద రెండు గుండ్రాలు గీశాడు. "మీ దగ్గర సగం దొంగా సగం దొంగా లేరండీ. ఇద్దరు పూర్తి దొంగలున్నారు, ఒకే ఇంట్లో. మందు ఎప్పుడూ ఇద్దరిలో దూకుడుగా ఉన్నవాణ్ని చూసి ఇస్తాం. కాని ముందు ఆపరేషన్. స్కానింగ్‌లో వేరే ఎక్కడికీ పాకినట్టు లేదు, అది మీ అదృష్టం. ఇప్పటికే ఆలస్యమైంది. సంతకం పెట్టండి."

నేను ఆలోచించి చెబుతానన్నాను.

జూలై 15

పెన్సిల్ డాక్టరుకి ఫోన్ చేశాను. కాలేయం ముక్కలో సగం ఇప్పుడు తీసి, మందుల తరవాత చూసి అవసరమైతే మిగతా సగం తీయడం కుదురుతుందా అని అడిగాను.

ఫోన్ పెట్టేశాడు. లైను బాగాలేదేమో.

జూలై 16

మళ్లీ కత్తి కింద పడుకోవడం ఇష్టం లేదు. అంతే. అదే అసలు సంగతి. ఇంకెవరికీ చెప్పను.

జూలై 18

మా ఆవిడ బ్యాంకులో చెక్కు ఇవ్వడానికని చెప్పి బయల్దేరదీసింది, స్కూలు కారులోనే. పక్క సీట్లో నేను. ఆ సీటు ముందు, కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్లకి. దాని మీద కాలు పెట్టకండని పెళ్లయినప్పట్నుంచీ చెబుతోంది.

పెద్ద రోడ్డు ఎక్కాక చూస్తే దారి క్యాన్సర్ ఆసుపత్రిది. నాకు తెలియకుండానే కాలు కిందికి పోయింది. కారు రోడ్డు నడిమధ్య దబ్బున ఆగింది. ముందునుంచి ఒకడు, వెనకనుంచి పదిమంది హారన్లు. ఒక లారీవాడు మా వంశం గురించి తనకి తెలిసినదంతా చెప్పాడు.

మా ఆవిడ ఇంజను ఆపేసింది. కదలలేదు.

"ఇక్కడెందుకు ఆపావ్? పక్కకి తియ్యి!" అన్నాను.

"ఆపింది మీరు. ఏ పక్కకి తియ్యమంటారు?"

"ఏదో ఒక పక్కకి!"

"ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. కుడిపక్క పోయినవాడు బాగుపడతాడు, ఎడమపక్క పోయినవాడు బాగుపడతాడు. మధ్యలో ఆగినవాణ్ని మాత్రం రెండు వైపులవాళ్లూ గుద్దుతారు." నా వైపు చూడకుండా అద్దంలోకి చూస్తోంది. "నాకు మీరు కావాలి. ఆ మాట నేను చెప్పగలను. మీకు బతకాలని ఉందా లేదా?"

"అందరికీ ఉంటుంది" అన్నాను.

"అందరి సంగతి అడగలేదు."

వెనకవాడు దిగి వచ్చి కిటికీ కొడుతున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని కిటికీ దించి "ఒక్క నిమిషం బాబూ, ఈయన నేర్చుకుంటున్నారు" అంది.

సంతకం పెడతానన్నాను. పెట్టాను కూడా.

జూలై 25

రేపు ఆపరేషన్. బావమరిది తన షోరూంలో అన్నిటికన్నా మంచి పరుపు తీసుకొచ్చి ఆసుపత్రి వాళ్లతో పోట్లాడి నా మంచం మీద వేయించాడు. దాన్ని నొక్కాడు. తరవాత నా భుజాన్ని నొక్కాడు. "బావగారూ, ఆరోజు కొయ్యమన్నది మీరే గాని, పెద్ద ల్యాబని మొండికేసింది నేను" అన్నాడు. ఏడుస్తాడని భయం వేసి, పరుపు బాగుందిరా అన్నాను.

ఆగస్టు 6

నవ్వకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. ఈసారి అనుమతి ఇచ్చినా నవ్వు రాదు. బొడ్డు మీంచి పక్కటెముకల దాకా కుట్లు. తీసిన ముక్క అంచుల్లో ఇద్దరు దొంగల్లో ఒక్కడి జాడ కూడా లేదట. గ్రంథుల్లో కూడా లేదట. ఈ ముక్కని ఎవరికీ పంచలేదు, మొత్తం ఒకే డబ్బాలో వెళ్లింది. డబ్బా వెనకాలే మా ఆవిడ వెళ్లింది.

సెప్టెంబరు 12

మందుల మొదటి విడత. సీసా వేలాడుతుంటే చుక్క చుక్కా చూస్తూ కూర్చోవడమే పని. జుట్టు ఊడుతుందని నర్సు జాలిగా చెప్పింది. నెత్తిమీదున్నది చూసుకుని, ఈ ఒక్క విషయంలో మందుకి పెద్దగా పని దొరకదని చెప్పాను.

సెప్టెంబరు 14

ఎక్కిళ్లు. ఆగడం లేదు.

సెప్టెంబరు 15

ఎక్కిళ్లు. ఎవరో తలుచుకుంటున్నారని బావమరిది ఒక్కొక్క చుట్టాన్నీ పేరు పెట్టి పిలుస్తున్నాడు.

అక్టోబరు 9

ఏమీ రాయబుద్ధి కాలేదు ఇన్నాళ్లూ. నోట్లో ఎప్పుడూ ఇనుప మేకు చప్పరిస్తున్నట్టుంది. మంచినీళ్లు కూడా మేకు రుచే. నిన్న మా ఆవిడ మీద కేకలేశాను, గ్లాసు తప్పు చోట పెట్టిందని. ఆవిడ తిరిగి కేకలేసింది. ఇద్దరికీ కాస్త హాయి అనిపించింది.

నవంబరు 3

డాక్టరమ్మా, పెద్దాయనా కలిసి ఇంటికి వచ్చారు. నా గడ్డ గురించి వైద్య పత్రికకి వ్యాసం రాస్తున్నారట. నా ఒప్పుదల కావాలి. పేరు రాయరట, "మధ్యవయసు పురుషుడు" అని రాస్తారట. మధ్యవయసు అన్నందుకు వెంటనే ఒప్పుకున్నాను.

అసలు గొడవ అది కాదు. ఎవరి పేరు ముందు రావాలని. దారి పొడుగునా వాదించుకుంటూ వచ్చినట్టున్నారు.

"మీరే చెప్పండి. ఇలాంటివి తీర్చడం మీ ఉద్యోగం కదా" అన్నాడు పెద్దాయన.

చెరో వాక్యం పంచమంటానని ఎదురుచూస్తున్నారు ఇద్దరూ. నేను గ్లాసెడు మేకుల నీళ్లు తాగాను.

"డాక్టరమ్మగారిది ముందు. రాసేది ఆవిడ. మీరు సంతకం పెట్టేవారు."

పెద్దాయన మొహం గంటు పెట్టుకున్నాడు. డాక్టరమ్మ నోరు తెరిచింది. వంటింటి గుమ్మంలో మా ఆవిడ చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒకరికి కోపం తెప్పించి కూడా నేను చచ్చిపోలేదు. పైగా ఆకలేసింది.

వెళ్లేటప్పుడు పెద్దాయన గుమ్మం దగ్గర ఆగి "మీ మందులు బాగానే పనిచేస్తున్నాయండీ" అన్నాడు.

డిసెంబరు 18

ఆఖరి విడత అయింది. ఇక స్కానింగ్.

జనవరి 10

స్కానింగ్.

జనవరి 11

తెలియదు ఇంకా.

జనవరి 12

తెలియదు. నిద్ర లేదు. మా ఆవిడకీ లేదు. ఇద్దరం నిద్రపోయినట్టు నటిస్తున్నాం.

జనవరి 13

పెన్సిల్ డాక్టరు తెర మీద నా లోపలంతా చూపించాడు. ఎక్కడా ఏమీ లేదు. కాలేయం మిగిలిన మేరకి దర్జాగా కూర్చుని ఉంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని గోళ్లు గుచ్చేసింది.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మళ్లీ రాదుగా?"

ఆయన ఈసారి బొమ్మ గీయలేదు. "ఇంత అరుదైనదానికి గట్టి లెక్కలుండవండీ. రాకపోవచ్చు. రావచ్చు. సగం సగం అనుకోండి."

సగం సగం. నా గదిలో ఆ మాట అనగానే నేను లేచి నిలబడి ఇద్దరికీ చేతులు కలిపించేవాణ్ని. పని అయిపోయిందని టీ తెప్పించేవాణ్ని. ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఆ మాట ఎలా వినిపించేదో నాకు ఇవాళ తెలిసింది. ఒళ్లంతా మండింది.

"నాకు సగం వద్దు" అన్నాను.

"అంటే..."

"మొత్తం కావాలి. నాకు బతకాలనుంది డాక్టరుగారూ. ఈవిడతో ముసలివాణ్ని కావాలి. ఈవిడ నన్ను ఇంకా చాలా ఏళ్లు తిట్టాలి. ఇందులో నేను ఒక్క మెట్టు దిగను, ఒక్క రోజు తగ్గను. మీరెవరితో మాట్లాడతారో మాట్లాడుకోండి."

అరిచానని నర్సు తలుపు తీసి చూసేదాకా నాకు తెలియలేదు.

"అది నా చేతుల్లో లేదండీ" అన్నాడు ఆయన మెల్లగా.

"తెలుసు. అయినా నా వైపు మాట అదే. రాసుకోండి."

ఆయన పెన్సిల్ తీసి, నా కేసు కాగితం అడుగున, మందుల పేర్ల కింద, "పేషెంటుకి మొత్తం కావాలట" అని రాశాడు.

మా ఆవిడ ముందుకి వంగి ఆ కాగితం చదివింది. కళ్లనీళ్లు తుడుచుకోలేదు.

"కింద నా పేరు కూడా రాయండి" అంది.

రాశాడు. మూడు నెలలకి మళ్లీ రమ్మన్నాడు.